ఏడు గంటల మ్యాచ్

ఇరవై ఏడేళ్ళుగా కాటన్‌వుడ్ స్టేట్ కాలేజీలో ఆటల జట్లను ఊళ్ళు తిప్పడమే నా పని. ఎన్నింటికి బయల్దేరాలి, దారిలో ఎక్కడ తినాలి, ఎవరికి వేరుశనగ పడదు, ఏ ఇద్దరిని ఒకే గదిలో పెడితే తెల్లారేసరికి ముఖాలు మాడ్చుకుని కిందికి దిగుతారు, ఇదంతా నాకు కంఠోపాఠం. నా పేరు అర్లీన్ కుచెరా. పిల్లలు మిసెస్ కే అంటారు. అరవై ఒకటి వచ్చింది. మోకాళ్ళు ఎప్పుడో రాజీనామా ఇచ్చేశాయి, నేనే ఇంకా ఇవ్వలేదు.

ఒకప్పుడు మాలో మేము మ్యాచ్‌లు ఆడుకునే మా కూటమిలో ఎనిమిది కాలేజీలు ఉండేవి. ఎటు పోయినా బస్సులో ఐదారు గంటలు. అమెరికా నట్టనడుమ నెబ్రాస్కాలో పుట్టిన మనిషికి ఐదారు గంటలంటే పక్కింటికి వెళ్ళొచ్చినట్టే. మ్యాచ్ అయ్యాక ఆ ఊరి చర్చి ఆడవాళ్ళు రెండు జట్లకీ కలిపి చిల్లీ అనే మాంసం, చిక్కుడుగింజల కూర గిన్నెలు, దాల్చినచెక్క రోల్సు పెట్టేవాళ్ళు. గెలిచినవాళ్ళూ ఓడినవాళ్ళూ ఒకే బల్ల దగ్గర కూర్చుని మోచేతుల మీద గీరుకుపోయిన చోట్లు ఒకరికొకరు చూపించుకునేవాళ్ళు. నేను ఆ ఆడవాళ్ళ దగ్గర రోల్సు మూటగట్టించుకుని మా ఆయనకి తెచ్చేదాన్ని.

రెండేళ్ళ కిందట మా పెద్దలు కూటమి మార్చారు. పాత కూటమిలో టీవీ వాళ్ళ నుంచి ఏడాదికి వచ్చేది కొత్త కూటమిలో నెలకే వస్తుందట. ఆ సముద్రం నుంచి ఈ సముద్రం దాకా పదహారు కాలేజీలు. ఆ డబ్బు తెచ్చేది ఫుట్‌బాల్, ఆ దూరాలు మాత్రం అందరికీ. ఫుట్‌బాల్ కుర్రాళ్ళు ఏడాదికి ఐదుసార్లు బయటికి వెళ్తారు, అదీ వాళ్ళకోసమే మాట్లాడిన విమానంలో. వాలీబాల్ ఆడపిల్లలు పధ్నాలుగుసార్లు వెళ్తారు, మామూలు జనంతో పాటు, మధ్య సీట్లలో, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని. ఆరడుగుల పిల్లలు వాళ్ళు! మా ఆఫీసుకి కొత్త తివాచీ వచ్చింది. నాకు సాయంగా ఒక మనిషిని ఇవ్వమని అడిగితే నవ్వి ఊరుకున్నారు.

దూరమొక్కటే అయితే ఎలాగో సర్దుకుందును. టీవీ వాళ్ళు ఆరు రోజుల ముందు చెప్పి మ్యాచ్ రోజు మార్చుకోవచ్చని ఒప్పందంలో రాసుకున్నారు. శని, ఆదివారాలు ఫుట్‌బాల్‌కి కావాలి. వాలీబాల్‌కి మిగిలేది మంగళవారమో బుధవారమో. చదువుకునే పిల్లలకి మంగళవారం ఏముంటుందో వాళ్ళకేం తెలుసు? తెలిసినా ఏం ఒరగబెడతారు?

బ్రిన్ డొలెజల్ గురించి చెప్పాలి. మూడో ఏడు చదువుతోంది. వాళ్ళది ఇక్కడికి రెండు గంటల దూరంలో మూడొందల గడప లేని ఊరు. జట్టులో అందరికంటే పొట్టి. వెనక వరసలో నిలబడి, ఎదుటివాళ్ళు కొట్టిన బంతి నేల తాకకుండా పడి లేపడం ఆ పిల్ల పని. ఎంత పడినా నవ్వుతూ లేస్తుంది. పన్నెండేళ్ళప్పుడు వాళ్ళ నాన్న చెయ్యి పొలంలో మొక్కజొన్న యంత్రంలో పడితే, తువ్వాలు చుట్టి బిగించి, అంబులెన్సు వచ్చేదాకా నలభై నిమిషాలు ఆ చెయ్యి వదలకుండా కూర్చుందట. నర్సునవుతానని ఆ రోజే అనుకుందట. ఆ చదువుకయ్యే ఖర్చంతా వాలీబాల్ స్కాలర్‌షిప్పే. ఆట మానేస్తే చదువూ ఆగిపోతుంది.

నర్సింగులో మూడో ఏడు ప్రతి బుధవారం పొద్దున్న ఆరూ ముప్పావుకల్లా ఆసుపత్రిలో ఉండాలి. రోగుల దగ్గర పని నేర్చుకునేది అక్కడే. మూడున్నర నెలల ఆ తరగతిలో రెండుసార్లు రాకపోతే క్షమిస్తారు. మూడోసారి రాకపోతే తప్పినట్టే. బ్రిన్‌కి సెప్టెంబరులోనే రెండూ అయిపోయాయి. ఒకటి టీవీ వాళ్ళు బుధవారానికి జరిపిన మ్యాచ్, రెండోది షికాగోలో వర్షానికి ఆగిపోయిన విమానం. ఇక ఆ పిల్ల బుధవారాలు నా నెత్తిన వచ్చి కూర్చున్నాయి. పేపరు తెరిస్తే వాతావరణం చూడటం, క్యాలెండరు తెరిస్తే బుధవారం చూడటం, ఇదే పని.

అక్టోబరు మూడో వారంలో, ఒక బుధవారం నాడు కాగితం వచ్చింది. కాలిఫోర్నియాలో ఆదివారం ఆడాల్సిన మ్యాచ్‌ని వచ్చే మంగళవారానికి జరిపారు. ఏడు గంటలకి మొదలు.

నేను లెక్క వేసుకున్నాను. ఏడింటికి మొదలైతే తొమ్మిదింపావుకి అవుతుంది. అక్కడి నుంచి మాకు దగ్గర విమానాశ్రయమైన ఒమాహాకి ఆఖరి విమానం ఎనిమిదీ నలభైకి. తర్వాతది మర్నాడు పొద్దున్నే, అది దిగేసరికి మధ్యాహ్నం. పక్క ఊళ్ళ విమానాశ్రయాలు చూశాను, డెన్వర్ మీదుగా చూశాను, కాన్సాస్ సిటీలో దింపి కారులో తెచ్చే దారి కూడా చూశాను. తల ప్రాణం తోకకొచ్చింది కానీ ఏ దారీ కుదరలేదు.

నర్సింగు విభాగంలో ఆ బుధవారాల బాధ్యత మిసెస్ ఒటెన్‌ది. మేమిద్దరం ఒకే ఏడు ఈ కాలేజీలో చేరాం. ఫోన్ చేసి పరిస్థితి చెప్పాను.

"దారి ఉందో లేదో నువ్వు రాసివ్వు అర్లీన్," అంది ఆవిడ. "ఒక్క విమానమైనా ఉందంటే చెప్పు, పిల్ల ఎనిమిదింటికి వచ్చినా నేను చూడనట్టే ఉంటా. అసలు దారే లేదంటే మాత్రం, శుక్రవారం అయిదింటిలోగా తనంతట తనే మానుకున్నట్టు సంతకం పెట్టెయ్యమను. మూడోసారి రాలేదంటే ఫెయిల్ అని పడుతుంది. అది ఇక చెరగదు."

మానుకుంటే మళ్ళీ వచ్చే ఏడు దాకా ఆ తరగతి ఉండదు. అంటే ఒక ఏడాది గాలికి పోయినట్టే. స్కాలర్‌షిప్ నాలుగేళ్ళకే కాబట్టి ఐదో ఏడు ఎవరు కడతారన్నది దేవుడికే తెలియాలి.

కోచ్ రోండా దగ్గరికి వెళ్ళి, ఆ పిల్లని ఈ ఒక్క మ్యాచ్‌కీ వదిలెయ్యమని అడిగాను. రోండా చెడ్డది కాదు. కళ్ళ కింద నల్లటి గుంటలు పడిపోయి ఉంది పాపం. ఆ స్థానంలో ఆడే ఇంకో పిల్లకి మోకాలు పోయింది, వరసగా ఆరు మ్యాచ్‌లు ఓడిపోయి ఉన్నారు, ఏడాది చివర తన ఉద్యోగమే ఉంటుందో ఊడుతుందో తెలియదు. "నేను బలవంతపెట్టను అర్లీన్, తననే తేల్చుకోమను," అంది. కోచ్ ఆ మాట అన్నాక ఏ పిల్లయినా ఇంటి దగ్గర కూర్చుంటుందా?

శుక్రవారం మధ్యాహ్నం బ్రిన్ నా గదికి వచ్చింది. ఇంకోసారి చూస్తాను ఉండమని నేను కంప్యూటర్‌లో విమానాలు వెతుకుతుంటే, రెండు నిమిషాలు కళ్ళు మూసుకుంటానని చెప్పి కుర్చీలోనే పడి నిద్రపోయింది. నోరు తెరుచుకుని, చిన్నపిల్లలా. నలభై నిమిషాలు లేపలేదు. తర్వాత లేపి, దారి లేదు తల్లీ అని చెప్పాను. మా ఆఫీసు కాగితం మీద నా చేత్తోనే రాశాను, బుధవారం పొద్దున్నకి ఆమెను తిరిగి తీసుకురావడానికి ఏ మార్గమూ లేదని. కింద సంతకం పెట్టాను. దాన్ని పక్కన పెట్టుకుని బ్రిన్ మానుకుంటున్నట్టు సంతకం చేసింది. కన్నీటి బొట్టు రాలలేదు. మిసెస్ ఒటెన్ గదిలో ఇచ్చొస్తానని చెప్పి, కుర్చీ సరిగ్గా బల్ల కిందికి తోసి మరీ వెళ్ళింది. గట్టి పిల్ల అనుకున్నాను. నేనైతే ఇంటికెళ్ళి మా ఆయన ముందు ఏడ్చాను.

సోమవారం కాలిఫోర్నియా చేరాం.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. దేన్నీ గడియారంతో చెప్పుకోం, మ్యాచ్ మొదలయ్యే క్షణం నుంచి వెనక్కి లెక్కపెట్టి చెప్పుకుంటాం. నాలుగు గంటల ముందు భోజనం, తొంభై నిమిషాల ముందు కోర్టు మీదికి. మేం ఆడబోయే కాలేజీ వాళ్ళూ నాకు అలాగే రాశారు, కోర్టు మామూలుగానే తొంభై నిమిషాల ముందు తెరుస్తామని. సరేనన్నాను. ఏడింటికి మ్యాచ్ కాబట్టి మూడింటికి భోజనం చెప్పి పెట్టాను.

మంగళవారం ఒంటిగంటకి పిల్లలు హోటల్ గదుల్లో పడుకుని ఉన్నారు. కింద నేను కాఫీ తాగుతున్నాను. ఆ కాలేజీ హాలు చూసుకునే ఆయన ఫోన్ చేసి, రెండున్నరకి కోర్టు మీకు సిద్ధంగా ఉంటుంది, బస్సు ఏ గుమ్మం దగ్గరికి తెస్తారని అడిగాడు. రెండున్నరకి ఎందుకు, అయిదున్నరకి కదా అన్నాను. మ్యాచ్ నాలుగింటికి కదమ్మా అన్నాడాయన, జాలిగా.

కాగితం తీసి చూశాను. మా పాత కూటమిలో ఆట ఎవరి ఊళ్ళో ఉంటే ఆ ఊరి టైమే రాసేవాళ్ళం. కొత్త కూటమి ఆఫీసు కూడా అదే చేస్తోంది. కానీ రోజు మారినప్పుడు వచ్చే కాగితం కూటమిది కాదు, టీవీ వాళ్ళది. వాళ్ళుండేది న్యూయార్క్‌లో. లోకమంతటికీ వాళ్ళ టైమే. అక్కడ ఏడంటే ఇక్కడ నాలుగు. ఇన్నాళ్ళూ రోజు మారినవన్నీ తూర్పు ఊళ్ళవే కాబట్టి తేడా తెలియలేదు. కాగితం అడుగున చీమ తలకాయంత అక్షరాలతో ఆ మాట రాసే ఉంది. ఇరవై ఏడేళ్ళ అనుభవం కదా, అడుగున ఏముందో చూడాల్సిన పని నాకు లేదనుకున్నాను.

మొదట పిల్లల్ని లేపాలి కాబట్టి లేపాను. అరటిపండ్లు, జామ్ రాసిన బ్రెడ్డు చేతిలో పెట్టి బస్సెక్కించాను. రోండా నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను, రాయాల్సిన పనీ లేదు, ప్రతి ఒక్కటీ నాకు తగినదే. బస్సు సగం దూరం వచ్చాక గానీ రెండో సంగతి నాకు తట్టలేదు. నాలుగింటికి మొదలైతే ఆరింపావుకల్లా అయిపోతుంది. విమానం ఎనిమిదీ నలభైకి.

అక్కడే, బస్సులో ముందు సీట్లో కూర్చుని ఫోన్‌లో చూశాను. ఆ విమానంలో పదకొండు సీట్లు ఖాళీ ఉన్నాయి. శుక్రవారం కూడా ఉండే ఉంటాయి.

మూడు సెట్లూ ఓడిపోయారు. అయిదూ యాభైకి అయిపోయింది. బ్రిన్ మోకాళ్ళ మీద ఐసు సంచులు కట్టించుకుని బెంచీ మీద కూర్చుంది. వెళ్ళి పక్కన కూర్చున్నాను. అటూ ఇటూ తిప్పకుండా చెప్పేశాను, తప్పు నాది, టైము చదవడంలో పొరబడ్డాను, నేను రాసిచ్చింది అబద్ధమైంది, ఇప్పుడు బయల్దేరితే పొద్దున్నకి ఆసుపత్రిలో ఉంటావు, మిసెస్ ఒటెన్ కాళ్ళు పట్టుకునైనా నేను ఒప్పిస్తానని.

బ్రిన్ ఐసు సంచి వైపే చూస్తూ ఉంది. "పోనీలెండి మిసెస్ కే," అంది.

పోనీ ఏమిటి, పద అన్నాను. స్నానం చేసొస్తానంది. టైము లేదు, అలాగే రా అన్నాను. జట్టుని రోండాకి అప్పగించి, నా సొంత డబ్బుతో రెండు టికెట్లు కొన్నాను. రోండా తన కోటు తీసి పిల్ల భుజాల మీద కప్పింది. విమానంలో బ్రిన్ కిటికీకి తలానించి పడుకుంది. నేను కళ్ళు మూయకుండా, మిసెస్ ఒటెన్‌కి ఏం చెప్పాలో వరసగా పేర్చుకుంటూ కూర్చున్నాను. ఒమాహాలో దిగి, డెబ్బై మైళ్ళు కారు తోలి, పిల్లని హాస్టల్లో రెండు గంటలు పడుకోనిచ్చి, ఆరున్నరకల్లా ఆసుపత్రి గుమ్మంలో ఉన్నాను. బ్రిన్ నీలం రంగు డ్రెస్సు వేసుకుని, జుట్టు బిగించి కట్టుకుని నా పక్కనే ఉంది. ఆ బట్టల్లో ఆ పిల్లని చూసి, అనుకున్నది సాధించానన్నంత పొంగిపోయాను.

మిసెస్ ఒటెన్ మూడో అంతస్తులో ఉంది. నేను చెప్పేదంతా ఓపిగ్గా విన్నది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"నేను శుక్రవారం అయిదింటిదాకా ఆ కాగితం దగ్గర పెట్టుకునే కూర్చున్నాను అర్లీన్," అంది. "నువ్వు రాసిన రెండు ముక్కలూ మళ్ళీ మళ్ళీ చదివాను. ఇంకెవరైనా రాసి ఉంటే నేనే విమానాలు వెతికేదాన్ని. నువ్వు లేదన్నావంటే లేదనే కదా అనుకుంటాను."

సోమవారం పొద్దున్నే చేరడానికి వేచి ఉన్నవాళ్ళలో ఒకామెకి బ్రిన్ సీటు ఇచ్చేశానని చెప్పింది. వరండా అవతల చూపించింది. ముప్పై అయిదేళ్ళ మనిషి, ఒక ముసలాయన్ని చెయ్యి పట్టుకుని మెల్లగా నడిపిస్తోంది. ఇద్దరు పిల్లల తల్లట, యాభై మైళ్ళ నుంచి వస్తోందట, మూడేళ్ళ కిందట ఈ తరగతి సగంలో ఆగిపోయి, మిగతా సగానికి అప్పట్నుంచీ సీటు కోసం చూస్తోందట. రోగుల దగ్గరికి ఎనిమిది మందికి మించి పంపడానికి ఆసుపత్రి ఒప్పుకోదు. ఆమెను తప్పుకోమనమని నేనెలా అడిగేది? ఏ ముఖం పెట్టుకుని అడిగేది?

బ్రిన్ ఆమెనే చూస్తోంది. కాసేపటికి నా మోచెయ్యి పట్టుకుని, "పదండి మిసెస్ కే, వాళ్ళకి అడ్డంగా ఉన్నాం," అంది.

కారులో కూర్చున్నాం. తాళం తిప్పబోయి ఆగిపోయాను. క్షమించమని అడిగాను. ఎన్నిసార్లు అడిగానో నాకే తెలియదు. మా ఆఫీసు పెద్దలకి రాస్తాను, డీన్ దగ్గరికి వెళ్తాను, ఐదో ఏటి ఫీజు కట్టమని గొడవ పెడతాను, ఊరుకోను అని ఏవేవో చెప్పుకుపోతున్నాను. ఆ పిల్ల నా మాట మధ్యలో ఆపింది.

"ఒకటి చెప్తే ఏమీ అనుకోరుగా?"

"చెప్పు తల్లీ."

"శుక్రవారం సంతకం పెట్టాను చూడండి, అప్పుడు నాకు ఏడుపు రాలేదు. హమ్మయ్య అనిపించింది. ఇక బుధవారాలు పడుకోవచ్చు కదా అని. అంతే, ఇంకేమీ అనిపించలేదు." చేతుల వంక చూసుకుంది. "నిన్న మీరు విమానం ఉందని చెప్పగానే నాకు భయమేసింది మిసెస్ కే. అయ్యో, మళ్ళీ వెళ్ళాలా అనిపించింది. ఇందాక మిసెస్ ఒటెన్ సీటు లేదనగానే కూడా హమ్మయ్యే. నాన్న చెయ్యి పట్టుకుని కూర్చున్నది నేనేనా అసలు?"

టైము తప్పు చదివానని నిన్నటి నుంచీ నా బాధ నాది. పోనీలెండి అని ఆ పిల్ల నోరు తెరిచి చెప్పినా వినకుండా, నా తప్పు నేను దిద్దుకోవాలని, నిలబడే ఓపిక లేని మనిషిని దేశమంతా లాక్కొచ్చాను. బట్టలు మార్పించి గుమ్మంలో నిలబెట్టాను.

కారు తోలాను. హాస్టల్ దగ్గరపడుతుండగా, ఉండబట్టలేక అడిగాను, వచ్చే ఏడు మళ్ళీ నర్సింగులో చేరతావు కదా అని.

"చూద్దాం," అంది.

మా వైపు మనుషులు మొహం మీద కాదని చెప్పరు. చూద్దాం అంటారు. నేనూ ఇక్కడే పుట్టాను, ఆ మాటకి అర్థం నాకెవరూ చెప్పనక్కర్లేదు.

మూడింటికి ప్రాక్టీసు ఉంది. అప్పటిదాకా పడుకోమన్నాను. బ్రిన్ దిగి, వెనక సీట్లోంచి రోండా కోటు తీసి, మడత పెట్టి నా పక్కన పెట్టింది. తలుపు వెయ్యబోతూ వంగి, దింపినందుకు థాంక్స్ అని చెప్పింది. కోపంగా కాదు, ఎత్తిపొడుపూ కాదు, మామూలుగానే చెప్పింది. నాలుగు తిట్టి పోయినా బాగుండేది. తిట్టడానికైనా మనిషిలో కాస్త ఓపిక మిగలాలి కదా.